బాప్తిస్మం ఆరాధనకు పాటలు ఎట్ల ఎంచుకోవాల: లూథరన్ సంఘాల క్వయర్లకు మొదటి నుంచి చివరి దాకా

"అన్నా, రేపు బాప్తిస్మం ఉంది, రెండు పాటలు చెప్పు" అని శనివారం రాత్రి మెసేజ్ పెట్టేవాళ్లు మన పక్క చాలామందే. పాట పేరు చెప్తే ఆ ఆదివారం గడిచిపోతాది, మళ్ళీ ఇంకో బిడ్డకు బాప్తిస్మం పెట్టుకున్నప్పుడు మళ్ళీ అదే మెసేజ్. అందుకే ఈసారి పాటల లిస్టు ఇవ్వట్లేదు, ఎంచుకునే పద్ధతి రాస్తాండా. కర్నూలు, అనంతపురం, కడప పక్క క్వయర్ నడిపేవాళ్లకు, కీబోర్డ్ వాయించే పిల్లోళ్లకు, పాటలు చెప్పే సంఘ పెద్దలకు పనికొచ్చేట్టు.

ఒక మాట ముందే. మన సీమలో లూథరన్ సంఘాలు (16వ శతాబ్దంలో జర్మనీలో మార్టిన్ లూథర్ బోధతో మొదలైనవి) తక్కువ, సిఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలు ఎక్కువ. మనం వినే పాటలు, యూట్యూబ్‌లో దొరికే పాటలు ఎక్కువ శాతం అక్కడివే. అవి చెడ్డ పాటలని కాదు, కానీ బాప్తిస్మం గురించి వాళ్లు చెప్పేది, మనం చెప్పేది అన్నిచోట్లా ఒకటి కాదు. అదే ఈ పనిలో అసలు చిక్కు, దాని గురించి 2లో వివరంగా ఉంది.

1. పాటల పుస్తకం తెరవకముందు అయ్యగారిని అడగాల్సినవి

కనీసం రెండు వారాల ముందు అయ్యగారి (పాస్టరు) దగ్గరికి పోయి కూర్చోండి. ఫోన్‌లో అడిగితే "మీ ఇష్టం, ఏదో ఒకటి పాడండి" అంటారు, ఎదురుగా కూర్చుంటే బైబిల్ తీస్తారు. అడగాల్సినవి ఇవి:

- ఎవరికైనా బాప్తిస్మం ఇస్తున్నారా, లేక బాప్తిస్మం మీద ప్రసంగం మాత్రమేనా?
- పసిబిడ్డలా, పెద్దవాళ్లా? ఎంతమంది?
- ఆరాధనలో ఎప్పుడు? మొదట్లోనా, ప్రసంగం అయినాకనా?
- ప్రభు భోజనం కూడా ఉందా?
- చదివే వాక్యభాగాలు ఏవి?
- నీళ్ల పాత్ర ఎక్కడ పెడతారు? కుటుంబం ఎక్కడినుంచి నడిచి రావాల?
- అది లెంట్ కాలంలో (ఈస్టర్ ముందు వచ్చే నలభై రోజుల శ్రమల కాలం) పడుతుందా?

చివరి ప్రశ్న చిన్నదిగా కనపడుతుంది కానీ లెంట్‌లో హల్లెలూయ, గ్లోరియా (దేవునికి మహిమ అని పాడే స్తుతి) పాడకుండా ఆపే అలవాటు లూథరన్ ఆరాధనలో ఉంది. హల్లెలూయ మీదనే నడిచే పాటను ఎంచుకుని, శనివారం ప్రాక్టీస్‌లో అయ్యగారు వద్దంటే అప్పుడు వెతుక్కోవాల్సి వస్తాది.

బాప్తిస్మం ఇచ్చేది లేకుండా, బాప్తిస్మమే అంశంగా వచ్చే ఆదివారం ఒకటుంది. జనవరి 6న ఎపిఫనీ (క్రీస్తు ప్రత్యక్షత) పండగ, దాని తర్వాత వచ్చే మొదటి ఆదివారం ప్రభువు బాప్తిస్మ ఆదివారం. మూడేళ్ల పాఠాల పట్టిక వాడే సంఘాల్లో ఆ రోజు సువార్త ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా నుంచి వస్తాది, 29వ కీర్తన మాత్రం మూడేళ్లూ అదే. కాబట్టి 29వ కీర్తనకు ఒక మంచి ట్యూను కట్టి పెట్టుకుంటే ప్రతి ఏడూ పనికొస్తాది. ఇంకోటి, ఆ ఆదివారం సరిగ్గా సంక్రాంతి ముందర పడుతుంది, క్వయర్‌లో సగం మంది ఊర్లకు పోయుంటారు. ఆ రోజుకు నాలుగు గొంతుల పాటలు పెట్టుకోవద్దు, అందరూ ఒకే ట్యూనులో పాడేవి పెట్టుకోండి.

2. పాటలో పని చేసేది ఎవరు? ఇది చూడకుండా ముందుకు పోవద్దు

లూథరన్ బోధ ప్రకారం బాప్తిస్మం దేవుడు చేసే పని. మనిషి తన నిర్ణయాన్ని నలుగురి ముందు చాటుకునే కార్యక్రమం కాదు అది. పసిబిడ్డకు ఇచ్చేది అందుకే, ఆ బిడ్డ ఏమీ చేయకముందే దేవుడు ఇస్తాడు. కాబట్టి బాప్తిస్మం పాట అని దేన్నైనా అనాలంటే అందులో పని చేసేవాడు దేవుడై ఉండాల.

దీన్ని కనుక్కోవడానికి వేదాంతం చదవక్కర్లేదు. పాట కాగితం మీద రాసుకుని ప్రతి లైను చివర ఉన్న క్రియాపదం కింద గీత గీయండి. మన భాషలో ఎవరు చేసినారో క్రియ చివర్లోనే తెలిసిపోతాది కదా. "కడిగితివి, పిలిచితివి, రక్షించెను, హత్తుకొనెను" ఇట్లాంటివి ఎక్కువుంటే పని దేవునిది. "వచ్చితిని, విడిచితిని, నిర్ణయించితిని, నడిచెదను" ఇవే ఎక్కువుంటే పని నాది. రెండో రకం పాట క్రీస్తును వెంబడించడం గురించిన పాట, బాప్తిస్మం గురించినది కాదు. ఆ పాటలో నది, నీళ్లు, యొర్దాను అని మాటలున్నా సరే.

అట్లని రెండో రకం పాటలను పారేయొద్దు. వాటికి స్థానం వేరే ఉంది, బాప్తిస్మం అయిపోయినాక. దేవుడు చేసిన దానికి మనం ఇచ్చే జవాబు కింద, ముగింపు పాటగానో కానుక పాటగానో పెట్టండి. ముఖ్యంగా పెద్దవాళ్లు బాప్తిస్మం తీసుకునే రోజు ఇట్లాంటి పాట ఒకటి ఉండాల కూడా. ఆ వరస మారి, ముందు నా నిర్ణయం పాడి తర్వాత నీళ్ల దగ్గరికి పోతేనే తేడా వస్తాది. ముందు ఆయన పని, తర్వాత మన జవాబు, ఈ వరస ఒక్కటి పట్టుకుంటే మిగతా తప్పులు జరిగినా ఆరాధన నిలబడుతుంది అని నా అభిప్రాయం.

పసిబిడ్డ బాప్తిస్మంలో "నేను నిర్ణయించుకున్నా" అనే పాట మరీ అన్యాయం. ఎవరు నిర్ణయించుకున్నారప్పా, మూడు నెలల బిడ్డా?

3. లూథర్ చిన్న ప్రశ్నోత్తరి పక్కన పెట్టుకుని ఒక కాగితం తయారుచేయండి

కన్ఫర్మేషన్ క్లాసులో (పిల్లలకు సంఘ బోధ నేర్పే క్లాసు) అందరం బట్టీ పట్టినదే, 1529లో లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరి. అందులో బాప్తిస్మం భాగంలో నాలుగు ప్రశ్నలు ఉంటాయి. కాగితాన్ని నాలుగు గడులు చేసి ఒక్కో గడిలో ఒక్కో ప్రశ్న రాయండి:

- బాప్తిస్మం అంటే ఏంది? ఉత్త నీళ్లు కాదు, దేవుని ఆజ్ఞతో, వాక్యంతో కలిసిన నీళ్లు. (మత్తయి 28:19)
- దానివల్ల వచ్చేది ఏంది? పాప క్షమాపణ, మరణం నుంచి సాతాను నుంచి విడుదల, నిత్య రక్షణ. (మార్కు 16:16)
- నీళ్లు ఇంత పెద్ద పని ఎట్ల చేస్తాయి? నీళ్లు కాదు చేసేది, నీళ్లతో ఉన్న వాక్యం, ఆ వాక్యాన్ని నమ్మే విశ్వాసం. (తీతు 3:5-8)
- ఆ నీళ్ల బాప్తిస్మానికి అర్థం ఏంది? పాత మనిషి రోజూ పశ్చాత్తాపంతో మునిగి చావాల, కొత్త మనిషి రోజూ లేవాల. (రోమా 6:4)

ఇప్పుడు మీకు తోచిన పాటలన్నీ ఏ గడిలో పడతాయో రాసుకుంటూ పోండి. దాదాపు ప్రతి క్వయర్‌కూ జరిగేది ఏమంటే రెండో గడి నిండిపోతాది, నాలుగో గడిలో ఒకటో రెండో ఉంటాయి, ఒకటో గడి, మూడో గడి ఖాళీ. ఖాళీ గడులు కనపడినాకనే అసలు వెతుకులాట మొదలవుతుంది. నాలుగు గడులనుంచీ ఒక్కోటి రావాలని రూల్ ఏం లేదు కానీ నాలుగు పాటలూ ఒకే గడిలోవి అయితే మాత్రం మార్చండి.

లూథర్ ఇదే పని పాటలో చేసి చూపించినాడు. 1541లో క్రీస్తు యొర్దానుకు వచ్చిన దాని మీద ఏడు చరణాల పాట రాసినాడు. ప్రశ్నోత్తరిలో చెప్పిన దాన్నే పాటగా కట్టినాడన్నమాట. తండ్రి స్వరం, నీళ్లలో కుమారుడు, పావురంలా ఆత్మ, ముగ్గురూ అందులో కనపడతారు, శిష్యులకు ఇచ్చిన ఆజ్ఞ వస్తాది, చివరి చరణంలో కంటికి కనపడేది నీళ్లే అయినా విశ్వాసానికి కనపడేది క్రీస్తు రక్తం అని ముగుస్తాది. ఆ పాట మనం పాడకపోయినా, మనం ఎంచుకున్న పాటలన్నీ కలిపి ఇంతమాత్రం చెప్తాండాయా లేదా అని కొలుచుకోడానికి పనికొస్తాది.

4. ఏ పాట ఎక్కడ: స్థానాల వారీగా

పాటలు ఎంచి తర్వాత స్థానాలు వెతకొద్దు. ముందు స్థానాలు రాసుకుని ఒక్కోదానికి పాట వెతకండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకం వెనక విషయ సూచిక ఉంటాది, అందులో బాప్తిస్మం ఒక్కటే చూసి ఆపేయకుండా త్రిత్వం, పరిశుద్ధాత్మ, పునరుత్థానం, పశ్చాత్తాపం, సంఘం కింద ఉన్నవి కూడా తిప్పండి. బాప్తిస్మానికి సరిపోయే మంచి పాటలు ఎక్కువ అక్కడే దొరుకుతాయి.

ప్రారంభ పాట: త్రిత్వ స్తుతి ఉన్నది పెట్టండి. ఆరాధన "తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున" అని మొదలవుతుంది, బాప్తిస్మం ఇచ్చేదీ అదే నామంలో. పాటలో ముగ్గురి పేర్లూ ఉంటే ఆ రెంటికీ ముడి పడుతుంది. అందరికీ బాగా తెలిసిన పాటే ఉండాల, ఎందుకంటే ఆ రోజు చుట్టాలు ఎక్కువ, కొత్త మొహాలు ఎక్కువ.

పాప ఒప్పుకోలు దగ్గర: ఇక్కడ నాలుగో గడి పాట ఒక చరణం చాలు. ఒప్పుకోలు, క్షమాపణ అంటేనే బాప్తిస్మానికి రోజూ తిరిగి పోవడం అని లూథర్ చెప్పిన మాట, కాబట్టి ఈ చోటు ఆ అంశానికి బాగా కుదురుతుంది, ఎవరూ వాడుకోరు గానీ.

కీర్తన: 29 కాకపోతే అయ్యగారు చెప్పింది. క్వయర్ ఒక వచనం, సంఘం ఒక వచనం చదివినట్టు పాడితే సరిపోతాది.

ఆ రోజు ప్రధాన పాట: ప్రసంగానికి ముందో వెనకో వచ్చేది. ఇదే ఆ రోజు బరువంతా మోసే పాట, ఒకటో గడి లేదా మూడో గడి నుంచి రావాల. దీన్ని చరణాలు కొయ్యకుండా పూర్తిగా పాడండి, వేరే పాటల్లో టైం తగ్గించుకోండి.

నీళ్ల దగ్గరికి నడిచేటప్పుడు: రెండు చరణాలు, అంతకంటే వద్దు. తల్లి చేతిలో బిడ్డ ఉంటాది, పక్కన సాక్షులుగా నిలబడేవాళ్లు ఉంటారు, జేజి వెనక మెల్లగా వస్తాది. వాళ్లు చేరేదాకా పాడి ఆపాల, అందరూ చేరినాక ఇంకా మూడు చరణాలు మిగిలుంటే బిడ్డ ఏడుపు మొదలుపెడతాది, అయ్యగారు మీవైపు చూస్తారు.

బాప్తిస్మం అయిన వెంటనే: చిన్న పల్లవి ఒక్కటి. పుస్తకం చూడకుండా పాడగలిగేది. ముగ్గురు నలుగురు బిడ్డలుంటే ఒక్కొక్కరికీ అయినాక అదే పల్లవి ఒకసారి. చప్పట్లు కొట్టించాలా అని అడుగుతారు, నాకైతే ఆ పల్లవే చప్పట్లు. బిడ్డ ఏదో సాధించినట్టు చప్పట్లు కొడితే 2లో చెప్పింది మళ్ళీ తల్లకిందులవుతుంది.

కానుక, ప్రభు భోజనం: భోజనం ఉంటే బాప్తిస్మం పాటలు ఇక్కడికి లాక్కురావద్దు. భోజనం పాటలు వేరే, అవే పాడండి.

ముగింపు పాట: జవాబు పాట, వెంబడింపు పాట, పంపే పాట. కొంచెం నడక ఉన్నది.

5. ట్యూను, శృతి, పొడవు

మంచి మాటలున్న పాట శృతి సరిపోక చచ్చిపోవడం మన సంఘాల్లో మామూలే. క్వయర్ పాడతాది, జనం నోరు మెదపరు, తర్వాత "ఆ పాట మాకు రాదు" అంటారు. పాట రాక కాదు, పైకి అందక.

మగవాళ్లు, ఆడవాళ్లు కలిసి పాడేటప్పుడు పైన డి (D) స్వరం దాటకుండా చూసుకుంటే చాలావరకు అందరికీ అందుతాది. కీర్తనలకు లెక్క ఇట్ల చేయండి. పాట పై రి దగ్గర ఆగిపోతే సా స్వరాన్ని సి (C) లో పెట్టుకోవచ్చు. పై గా దాకా పోతే బి ఫ్లాట్ (B♭) లో. పై మా తాకే చరణం ఉంటే ఏ (A) కి దింపాల. కానీ అంత దింపితే కింద పా కి పోయే చోట గొంతులు వినపడవు, అట్లాంటి పాటను క్వయర్‌కు వదిలేసి జనానికి పల్లవి మాత్రం ఇవ్వండి. క్వయర్‌లో బాగా పాడే అమ్మాయికి ఏ శృతి బాగుంటాదో అది సంఘానికి బాగుండదు, ఈ ఒక్క విషయంలో ఆ అమ్మాయిని నొప్పించినా పర్వాలేదు.

కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం రాసుంటాయి. దాన్ని చూడండి. పక్కపక్కన మూడు పాటలు ఒకే రాగంలో ఒకే నడకలో వస్తే మాటలు వేరైనా జనానికి ఒకే పాట పాడినట్టు ఉంటాది. పాశ్చాత్య ట్యూనులకు కట్టిన పాటల్లో ఇంకో పరీక్ష, దీర్ఘం ఉన్న అక్షరం చిన్న నోటు మీద, హ్రస్వం ఉన్నది పెద్ద నోటు మీద పడుతుందేమో పాడి చూడండి. ఎక్కువ చోట్ల అట్ల పడితే మాట అర్థం కాదు, అదే కొలతలో ఉన్న వేరే ట్యూను పెట్టుకోవచ్చు.

పొడవు. పల్లవి, అయిదు చరణాలు, ప్రతి చరణానికి పల్లవి రెండేసి సార్లు అంటే ఏడెనిమిది నిమిషాలు సులభంగా తింటాది. స్టాప్‌వాచ్ పెట్టి పాడి చూసుకుని షీటు మీద నిమిషాలు రాయండి. చరణాలు కొయ్యాల్సి వస్తే మొదటి రెండూ పాడి ఆపేయొద్దు. పాత పాటల్లో చివరి చరణం చాలాసార్లు త్రిత్వ స్తుతో, మరణం పునరుత్థానమో ఉంటాది, దాన్ని వదిలేస్తే పాట సగంలో ఆగినట్టే. మధ్యలోది తీసేయండి, అర్థం తెగకుండా.

6. వాయిద్యాలు, నిశ్శబ్దం

కీబోర్డ్, ప్యాడ్స్, గిటార్ ఉన్నాయని అన్ని పాటలకూ అన్నీ వాయించాల్సిన పని లేదు. ప్రారంభానికీ ముగింపుకూ అన్నీ, నీళ్ల దగ్గరికి నడిచే పాటకు హార్మోనియం లేదా కీబోర్డ్ ఒక్కటి, మెల్లగా తబలా. పల్లెల్లో డోలక్ ఉంటే అదే బాగుంటాది, ఊరికి అలవాటైన చప్పుడు.

ఇప్పుడు గట్టిగా చెప్పే మాట. అయ్యగారు నీళ్ల మీద ప్రార్థన మొదలుపెట్టిన దగ్గర్నుంచి మూడుసార్లు నీళ్లు పోసి నామం చెప్పి ముగించేదాకా ఏదీ మోగకూడదు. వెనక మెల్లగా ప్యాడ్ సౌండు, పియానో, ఏదీ వద్దు. నీళ్లు, వాక్యం, ఈ రెండే బాప్తిస్మం అని ఇప్పుడే కదా పాడినాం, ఆ రెండూ జనానికి వినపడాల. నీళ్లు పోసే చప్పుడు వెనక బెంచీ దాకా పోవాలంటే మైకు పాత్ర దగ్గరికి దింపండి, ఫ్యాన్లు కూడా ఆ రెండు నిమిషాలు ఆపగలిగితే ఆపండి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూల్లో ఫ్యాన్ ఆపమంటే తిడతారు, అప్పుడు మైకు ఒక్కటే దారి.

కరెంటు పోతే? హార్మోనియం, డోలక్ పక్కన పెట్టుకోండి, ఎవరు అందుకోవాలో ముందే చెప్పండి. ట్రాకు (ముందే రికార్డు చేసిన సంగీతం) మీద పాడే పాటను ప్రధాన పాటగా ఎప్పుడూ పెట్టొద్దు, ట్రాకు సంఘం కోసం ఆగదు.

7. కొత్త పాట నేర్పే పద్ధతి

ఒక ఆరాధనకు ఒకటే కొత్త పాట. రెండు పెడితే రెండూ పోతాయి.

- రెండు ఆదివారాల ముందు: కానుక సమయంలో ట్యూను మాత్రం వాయించండి, ఏమీ చెప్పొద్దు.
- ముందు ఆదివారం: క్వయర్ పూర్తిగా పాడాల, ఆరాధనకు ముందు అయిదు నిమిషాలు జనంతో పల్లవి పాడించాల.
- ఆ రోజు: మొదటి చరణం క్వయర్, రెండో చరణం నుంచి అందరూ.

చదవడం రాని పెద్దవాళ్లు ఎక్కువున్న పల్లె సంఘాల్లో లైను చెప్పి పాడించే పద్ధతి ఉంది కదా, నడిపేవాడు ఒక లైను పాడితే జనం అదే లైను తిరిగి పాడతారు. దాన్ని పాతకాలపు పద్ధతి అని వదిలేయొద్దు, ప్రొజెక్టర్ కంటే తొందరగా పాట వస్తాది. కూలి పనులకు పోయి సాయంత్రం ఆరాధనకు వచ్చేచోట ప్రాక్టీసుకు ఎవరూ రారు, అక్కడ ఇదే దిక్కు.

8. కుటుంబం అడిగే స్పెషల్ పాట

ఇది రాకుండా ఉండదు. "అయ్యా, మా బామ్మర్ది బెంగళూరు నుంచి వస్తాండాడు, బాగా పాడతాడు, ట్రాకు కూడా తెచ్చుకుంటాడు, ఒక్క పాట" అని బిడ్డ నాయన అడుగుతాడు. కాదంటే మనసు నొచ్చుకుంటారు. ఔననండి, కానీ మూడు షరతులు పెట్టండి: పాట మాటలు వారం ముందే వాట్సాప్ చేయాల, నాలుగు నిమిషాలు దాటకూడదు, కానుక సమయంలో కానీ ఆశీర్వాదం అయినాక కానీ పాడాల. నీళ్ల దగ్గర మాత్రం సంఘం పాటే.

మాటలు వచ్చినాక 2లో చెప్పినట్టు గీతలు గీసి చూడండి. నిర్ణయం పాట అయితే ముగింపు దగ్గరికి జరపండి. పుట్టినరోజు పాటలా ఉంటే, అంటే బిడ్డ ముద్దు గురించి, అమ్మానాన్నల సంతోషం గురించి మాత్రమే ఉంటే, మధ్యాహ్నం భోజనాల దగ్గర పాడమనండి, అక్కడ బాగుంటాది. సినిమా ట్యూనుకు మాటలు మార్చి కట్టిన పాటైతే అక్కడ కూడా వద్దు, ట్యూను ఎత్తుకోగానే జనానికి హీరో గుర్తొస్తాడు.

చుట్టాల్లో బాప్టిస్టులు, పెంతెకొస్తు వాళ్లు ఉంటారు, పసిబిడ్డకు బాప్తిస్మం ఏందని వాళ్లలో వాళ్లు అనుకుంటారు కూడా. వాళ్లకు సమాధానం చెప్పేట్టు పాట ఎంచాలని కొందరు చూస్తారు. వద్దు. వాళ్లు కూడా నోరారా పాడగలిగే త్రిత్వ స్తుతి ఒకటి, సిలువ పాట ఒకటి ఉంచండి చాలు. వాదన ఏదైనా ఉంటే బిర్యానీ తినేటప్పుడు పెట్టుకుంటారులే.

9. ఎక్కువగా జరిగే తప్పులు, సరిచేసే దారి

తప్పు: పాట నంబరు మాత్రమే చెప్పడం. ముద్రణకూ ముద్రణకూ నంబర్లు మారతాయి, సగం మంది ఇంకో పాట తీస్తారు. దారి: నంబరుతో పాటు మొదటి లైను చెప్పండి, షీటు మీద కూడా రాయండి.

తప్పు: నీళ్లు అనే మాట ఉంది కదా అని పాట పెట్టడం. దాహం తీర్చే నీళ్లు, తుఫాను నీళ్లు, ఎండిన నేలమీద వాన, ఇవన్నీ మంచి పాటలే కానీ బాప్తిస్మం కాదు. దారి: ఆ నీళ్లు 3లోని ఏ గడిలో పడతాయో చూడండి, పడకపోతే తీసేయండి. నోవహు జలప్రళయం, ఎర్ర సముద్రం, యొర్దాను మాత్రం పడతాయి. లూథర్ తన బాప్తిస్మ క్రమంలో రాసిన జలప్రళయ ప్రార్థనలో ఆ మూడూ ఉన్నాయి.

తప్పు: పసిబిడ్డ అనగానే అన్నీ సండే స్కూల్ పాటలు పెట్టడం. దారి: పిల్లలతో ఒక పాట పాడించండి, మార్కు 10:13-16 చదివినాక సరిగ్గా కుదురుతుంది. మిగతావి పెద్దల పాటలే. బాప్తిస్మంలో మరణం కూడా ఉంది, రోమా 6 చూడండి, అన్నీ గంతులేసే పాటలైతే ఆ మాట ఎవరు చెప్తారు?

తప్పు: ట్రాన్స్‌పోజ్ బటన్ మర్చిపోవడం. ముందు పాటకు రెండు మెట్లు పెంచి అట్లే వదిలేస్తారు, తర్వాతి పాట ఆకాశంలో మొదలవుతుంది. దారి: షీటు మీద ప్రతి పాట పక్కన శృతి, ట్రాన్స్‌పోజ్ అంకె రాసుకోండి.

తప్పు: అను ఫాంట్‌లో టైపు చేసిన పాటలను ప్రొజెక్టర్ కంప్యూటర్‌లో పేస్టు చేయడం. ఆ ఫాంట్ లేకపోతే స్క్రీను మీద పిచ్చి అక్షరాలు వస్తాయి. దారి: యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేసి, చర్చి కంప్యూటర్‌లోనే తెరిచి చూడండి, మీ ఫోన్‌లో కనపడితే సరిపోదు.

తప్పు: లైవ్ పెట్టి, కొత్త పాటల ట్రాకులు వాయించడం. యూట్యూబ్ కాపీరైట్ క్లెయిమ్ వేస్తాది, ఒక్కోసారి వీడియో ఆగిపోతాది. దారి: లైవ్ ఉంటే మీరే వాయించుకోండి, కొత్త పాటల మాటలు ముద్రించేటప్పుడు హక్కుదారుల్ని అడగండి. మన దేశంలో రచయిత చనిపోయిన తర్వాత 60 ఏళ్ల దాకా హక్కు ఉంటాది. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1890లో పోయినారు కాబట్టి ఆయన కీర్తనల మాటలకు ఆ చిక్కు లేదు.

10. రెండు నమూనాలు

పాట పేర్లు ఇవ్వట్లేదు, రకం చెప్తాండా. మీ సంఘానికి వచ్చిన పాటలతో నింపుకోండి.

ఇద్దరు పసిబిడ్డలు, ప్రసంగం తర్వాత బాప్తిస్మం, ప్రభు భోజనం లేదు:

- ప్రారంభం: త్రిత్వ స్తుతి, 4 నిమిషాలు, అన్ని వాయిద్యాలు
- ఒప్పుకోలు తర్వాత: రోజూ కొత్త మనిషిగా లేచే అంశం, ఒక చరణం
- సువార్త తర్వాత: సండే స్కూల్ పిల్లల పాట
- ప్రసంగానికి ముందు ప్రధాన పాట: నీళ్లు, వాక్యం, వాగ్దానం, పూర్తిగా
- నడక: పేరు పెట్టి పిలిచే దేవుడు, యెషయా 43:1 భావం, రెండు చరణాలు, హార్మోనియం
- ఒక్కో బిడ్డ తర్వాత: పల్లవి ఒకసారి
- కానుక: కుటుంబం స్పెషల్
- ముగింపు: వెంబడింపు పాట, నడకగా

బాప్తిస్మం ఇచ్చేది లేని ప్రభువు బాప్తిస్మ ఆదివారం, ప్రభు భోజనం ఉంది:

- ప్రారంభం: ఎపిఫనీ పాట, క్రీస్తు ప్రత్యక్షత
- కీర్తన 29, మార్చి మార్చి
- ప్రధాన పాట: యొర్దాను దగ్గర ముగ్గురూ కనపడే పాట
- విశ్వాస ప్రమాణం తర్వాత: బాప్తిస్మాన్ని గుర్తుచేసుకునే పల్లవి
- భోజనం దగ్గర: భోజనం పాటలు రెండు
- ముగింపు: సువార్త ప్రకటనకు పంపే పాట

రెండోదాంట్లో పాటలు తక్కువ ఉన్నాయే అనిపించొచ్చు, సంక్రాంతి ముందర క్వయర్ ఎంతమంది ఉంటారో గుర్తుంచుకుని చేసినది అది.

11. శనివారం సాయంత్రం చూసుకోవాల్సినవి

- పాటల షీటు నాలుగు కాపీలు: అయ్యగారికి, కీబోర్డ్‌కు, తబలా లేదా ప్యాడ్స్‌కు, ప్రొజెక్టర్‌కు
- ప్రతి పాట పక్కన: నంబరు, మొదటి లైను, పాడే చరణాలు, శృతి, నిమిషాలు
- ఎక్కడ ఆగాలో ఎర్ర పెన్నుతో గీత, ముఖ్యంగా నీళ్ల ప్రార్థన ముందు
- కీబోర్డ్ మైకు మ్యూట్ చేసేది ఎవరు, పేరు రాయండి
- నడక పాట ఆపమని సైగ చేసేది ఎవరు (వాయించేవాళ్లకు వెనక నుంచి నడిచొచ్చే కుటుంబం కనపడదు)
- స్పెషల్ పాట పెన్‌డ్రైవ్ వచ్చిందా, చర్చి ప్లేయర్‌లో పెట్టి విన్నారా
- హార్మోనియం బెలోస్ (గాలి తిత్తులు) గాలి పోకుండా ఉన్నాయా
- బిడ్డల పేర్లు క్వయర్ లీడర్‌కు తెలుసా, ఒక్కో పేరు తర్వాత పల్లవి ఎత్తుకోవాల్సింది ఆయనే

ఆదివారం ఆరాధన అయినాక అదే షీటు వెనక, జనం ఏ పాట గట్టిగా పాడినారు, ఏది పాడలేదు, ఏది పొడుగైంది రాసి తేదీ వేసి ఫైల్లో పెట్టండి. రాబోయే బాప్తిస్మానికి పాటలు అడిగేవాళ్లకు ఆ ఫైలు ఇవ్వండి.